వీరుడెవరు? లేపాక్షి చిత్రం నుండి వెండితెర వరకు



వీరరసానికి స్థాయిభావం ఉత్సాహమని భరతముని నిర్ణయం. బలం కాదు, క్రోధం కాదు, ఉత్సాహం. క్రోధం స్థాయిగా గలది రౌద్రం. అది వేరొక రసం. వీరానికీ రౌద్రానికీ నడుమ మహర్షి గీసిన ఈ రేఖ చెరిగిపోయినచోట వీరారాధన బలారాధనగా మారుతుంది. బలారాధన ఎంతో కాలం ధర్మంతో కలిసి నడవదు. ఇది కేవలం అలంకారశాస్త్ర విషయం కాదు. మన బిడ్డలు ఎవరిని చూసి పెరుగుతున్నారు, ఎవరివలె కావాలని కోరుకుంటున్నారు అన్న ప్రశ్న దీనితో ముడిపడి ఉన్నది.

ఈ ప్రశ్నను హిందూపురం, పెనుకొండ, ధర్మవరం అనే మూడు ఊళ్ల చరిత్ర ఆధారంగా పరిశీలించడం ఈ వ్యాసోద్దేశం. పూర్వం అనంతపురం జిల్లాలోనూ, 2022 నుండి శ్రీ సత్యసాయి జిల్లాలోనూ ఉన్న ఈ ప్రాంతంలో సుమారు ఐదువందల సంవత్సరాలుగా వీరుని రూపం నాలుగు విధాలుగా మన పూర్వులకు దర్శనమిచ్చింది. దేవాలయం పైకప్పు మీద వర్ణచిత్రంగా, దీపపు వెలుగులో తోలుబొమ్మగా, రంగస్థలం మీద పాత్రగా, చివరకు వెండితెర మీద ఛాయగా. ఈ నాలుగింటినీ వరుసగా చూస్తే, వీరుని గురించి మన పెద్దలు ఏమి తలచారో, మనం ఏమి నిలుపుకున్నామో, ఏమి జారవిడుచుకున్నామో తెలుస్తుంది.

శాస్త్రం చెప్పిన నాయకుడు

"నాయక" శబ్దం "నీ" ధాతువు నుండి వచ్చింది. నడిపించువాడు, ఫలం వద్దకు చేర్చువాడు అని అర్థం. నాయకులను శాస్త్రకారులు నాలుగు విధాలుగా విభజించారు: ధీరోదాత్తుడు, ధీరలలితుడు, ధీరశాంతుడు, ధీరోద్ధతుడు. ఉదాత్తుడైనా, ఉద్ధతుడైనా, లలితుడైనా, శాంతుడైనా మొదట "ధీరుడు" కావలసిందే. వికారహేతువు ఎదుట ఉన్నా చిత్తం చలించనివాడే ధీరుడని కాళిదాసు కుమారసంభవంలో భావించాడు. అనగా నాయకత్వానికి పునాది భుజబలం కాదు, చిత్తస్థైర్యం.

వీరరసాన్ని నాట్యశాస్త్రం దానవీరం, ధర్మవీరం, యుద్ధవీరం అని మూడుగా చెప్పింది. సాహిత్యదర్పణకారుడైన విశ్వనాథుడు దయావీరాన్ని చేర్చి నాలుగు చేశాడు. నాలుగింటిలో యుద్ధం ఒకటి మాత్రమే! కవచకుండలాలు కోసి ఇచ్చిన కర్ణుడూ, సత్యం కోసం కాటికాపరి అయిన హరిశ్చంద్రుడూ, పావురం కోసం తన మాంసం తూచి ఇచ్చిన శిబి చక్రవర్తీ వీరులే. ఎవరినీ కొట్టకుండా వీరులైనవారు వీరు.

వాల్మీకి మహర్షి నారదుని అడిగిన ప్రశ్నలో పదహారు గుణాలు ఉన్నాయి. వాటిలో పరాక్రమం ఒకటి. ధర్మజ్ఞత, కృతజ్ఞత, సత్యవాక్యం, దృఢవ్రతం, క్రోధజయం, అసూయారాహిత్యం తక్కినవాటిలో కొన్ని. అంత పెద్ద ఇతిహాసం "ఎవడు బలవంతుడు?" అనే ప్రశ్నతో కాక, "ఎవడు ఇన్ని గుణాలు గల నరుడు?" అనే ప్రశ్నతో పుట్టింది. దేవుణ్ణి చూపమని మహర్షి అడగలేదు, మనిషిని చూపమన్నాడు.

లేపాక్షి పైకప్పు

హిందూపురానికి సుమారు 15 కిలోమీటర్ల దూరంలో కూర్మశైలం మీద వెలసిన లేపాక్షి వీరభద్రాలయం విజయనగర చక్రవర్తి అచ్యుతదేవరాయల (1529-1542) కాలం నాటిది. విరూపణ్ణ, వీరణ్ణ సోదరులు దీని నిర్మాతలు. ఆలయ మండపాల పైకప్పుల మీద ఉన్న చిత్రాలు నాటి వర్ణచిత్రకళకు మిగిలిన గొప్ప సాక్ష్యాలు. పార్వతీకల్యాణం, ద్రౌపదీస్వయంవరం, శ్రీరామపట్టాభిషేకం, వటపత్రశాయి, నిర్మాతలైన సోదరుల పరివారం, వీటన్నిటినీ మించిన పరిమాణంలో వీరభద్రస్వామి. వీటి నడుమ మన విషయానికి సంబంధించినవి రెండు ఉన్నాయి: కిరాతార్జునీయం, మనునీతిచోళుని కథ.

కిరాతార్జునీయం మహాభారత వనపర్వంలోనిది. భారవి దానిని పద్దెనిమిది సర్గల మహాకావ్యం చేశాడు. తెలుగులో శ్రీనాథుడు హరవిలాసంలో చేర్చుకున్నాడు. అర్జునుడు పాశుపతం కోసం తపస్సు చేస్తాడు. పందిరూపంలో వచ్చిన రాక్షసుని మీద ఒకే సమయంలో రెండు బాణాలు పడతాయి: ఒకటి అర్జునునిది, ఒకటి కిరాతునిది. వేట నాదంటే నాదని వివాదం. బాణాలు అయిపోతాయి, గాండీవం చేజారుతుంది, ఖడ్గం విరుగుతుంది, చివరకు ముష్టియుద్ధంలోనూ అర్జునుడు నేలకూలుతాడు. ఓడిన తరువాతనే అస్త్రం లభిస్తుంది. గెలిచినందుకు బహుమతిగా కాదు. ఓడినా ధైర్యం విడువనందుకు, ఎదుట ఉన్నది ఎవరో తెలిసిన క్షణాన సాష్టాంగపడినందుకు.

ఈ కథకు ఒక ఉత్తరభాగం ఉన్నది. దివ్యాస్త్రాలతో తిరిగి వచ్చిన తమ్ముణ్ణి ధర్మరాజు వాటిని చూపమని అడుగుతాడు. అర్జునుడు ప్రదర్శనకు పూనుకోగానే భూమి కంపిస్తుంది, సముద్రాలు క్షోభిస్తాయి. అప్పుడు నారదుడు వచ్చి వారిస్తాడు: లక్ష్యం లేకుండా, అవసరం లేకుండా ఈ అస్త్రాలను ప్రయోగించకూడదని. తమ్ముడు ఆగిపోతాడు. శక్తి సంపాదించడం ఒక తపస్సు, చూపకుండా ఉండడం మరొక తపస్సు. రెండవది మొదటిదానికంటె కఠినమైనది.

రెండవ చిత్రకథ మనునీతిచోళునిది. రాజకుమారుని రథచక్రం క్రింద ఒక లేగదూడ నలిగి చనిపోయింది. తల్లి ఆవు వచ్చి రాజద్వారంలోని ధర్మఘంటను మ్రోగించింది. రాజు విచారించాడు, నిజం తెలుసుకున్నాడు, కుమారునికి అదే శిక్ష విధించాడు. పశువుకు కూడా పుత్రశోకం ఉంటుందని, ఆ శోకానికి రాజు సమాధానం చెప్పాలని నిశ్చయించిన ఈ రాజు ధర్మవీరుడు. పరమేశ్వరానుగ్రహంతో దూడ, కుమారుడు ఇద్దరూ బ్రతికారని కథాంతం. అయితే అనుగ్రహం వస్తుందని తెలిసి రాజు శిక్ష విధించలేదు. అదే అతని ధైర్యం.

ఆ చిత్రాలు వేయించిన విరూపణ్ణ గురించి కూడా ఒక జనశ్రుతి ఉన్నది. అతడు రాజకోశాధికారి. అనుమతి లేకుండా ధనం వెచ్చించాడని రాజుకు చెప్పినవారు చెప్పగా, కన్నులు తీయించమని ఆజ్ఞ అయిందట. ఆ మాట విని విరూపణ్ణ తన కన్నులను తానే పెరికి గోడకు విసిరాడని, అసంపూర్ణంగా మిగిలిన కల్యాణమండపం వద్ద గోడమీద కనిపించే ఎర్రని మచ్చలు అవేనని స్థానికులు చూపుతారు. ఇది జనుల నోట నిలిచిన కథ. చరిత్రగా దీనిని నిర్ధారించడం నా ఉద్దేశం కాదు. కాని ఐదువందల ఏళ్లుగా జనం ఈ కథను ఎందుకు విడువలేదు? విచారణ లేని దండన మీద వారికున్న బాధ అందులో ఉన్నది. ఒకే ఆలయంలో, పైకప్పు మీద విచారించి దండించిన రాజు, గోడమీద విచారించక దండించిన రాజు. ఇద్దరి చేతిలోనూ ఉన్నది అదే అధికారం.

లేపాక్షి పేరుకు మరొక వ్యుత్పత్తి "లే పక్షీ" అని. సీతాపహరణ సమయంలో రెక్కలు తెగి పడిన జటాయువును శ్రీరాముడు అలా పలికాడని భక్తుల విశ్వాసం. అరణ్యకాండలో జటాయువు మొదట ఆయుధం పట్టలేదు. రావణునికి నీతి చెప్పాడు. వినకపోతే, తాను వృద్ధుడననీ, ఎదుటివాడు యువకుడు, కవచధారి, రథికుడనీ తెలిసి కూడా అడ్డుపడ్డాడు. రథం విరిచాడు, ధనుస్సు విరిచాడు, చివరకు ఓడిపోయాడు. సీతను రక్షించలేకపోయాడు. లోకవ్యవహారంలో ఇది వైఫల్యం. కాని స్వామి ఆ పక్షికి తండ్రికి చేసినట్లు సంస్కారం చేశాడు. గెలుస్తామని తెలిసి పోరాడడం అందరికీ సాధ్యం. ఓడిపోతామని తెలిసి కూడా చేయవలసినది చేయడం వీరుని లక్షణం.

పెనుకొండ: ఓటమి తరువాతి ధైర్యం

శాసనాలలో ఘనగిరిగా ప్రసిద్ధమైన పెనుకొండ ఆ ధర్మానికి రాజకీయరూపం. 1565 జనవరి 23న జరిగిన రాక్షసతంగడి యుద్ధంలో వృద్ధుడైన అళియ రామరాయలు మరణించాడు. మహానగరం పాడుపడింది. ఆయన తమ్ముడు తిరుమలరాయలు సదాశివరాయలతోనూ, చేతనైనంత కోశంతోనూ దక్షిణానికి వచ్చి పెనుకొండను ఆశ్రయించాడు. ఇక్కడినుండే అరవీటి వంశం రాజ్యాన్ని మరల కూడగట్టింది. 16వ శతాబ్ది చివరి భాగంలో ఈ దుర్గం ముట్టడులను ఎదుర్కొన్నది. దుర్గరక్షణలో కీర్తి పొందిన జగదేవరాయలు చెన్నపట్టణ సీమకు అధిపతి అయ్యాడు. తరువాత రాజధాని చంద్రగిరికి, వేలూరుకు తరలింది.

మన పాఠ్యపుస్తకాలలో హంపి వైభవానికి ఉన్న చోటు పెనుకొండ ధైర్యానికి లేదు. వైభవం కంటికి కనపడుతుంది. సర్వం పోయిన తరువాత మిగిలిన నలుగురితో దీపం వెలిగించి, ఆలయాలలో నిత్యార్చన ఆగకుండా చూడడం కంటికి అంతగా కనపడదు. ఒక అర్చకునిగా నాకు ఈ రెండవదే పెద్ద వీరకార్యంగా తోస్తుంది.

ఈ కొండ నీడలో పెరిగిన పుట్టపర్తి నారాయణాచార్యులు (1914-1990) బాల్యంలోనే "పెనుగొండ లక్ష్మి" అనే కావ్యం వ్రాశారు. అది తరువాత విద్వాన్ పరీక్షకు పాఠ్యమై, ఆయనే ఆ పరీక్షకు కూర్చొని తన కావ్యాన్ని తానే చదువుకొనవలసి వచ్చిందని సాహిత్యలోకంలో ప్రసిద్ధి. శిథిలమైన గోడలను చూసి ఒక బాలుని హృదయం ద్రవించడం గమనార్హం. విజయస్తంభం కవిత్వం పుట్టించకపోవచ్చు. కూలిన బురుజు పుట్టించగలదు.

ధర్మవరం: తోలుబొమ్మ, రంగస్థలం

ధర్మవరం మండలంలోని నిమ్మలకుంట తోలుబొమ్మల కళకు నిలయం. ఆ ఊరి కళాకారులైన దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ పురస్కారం ప్రకటించారు. మేకచర్మాన్ని పారదర్శకంగా సిద్ధం చేసి, రంగులు అద్ది, తెల్లని తెర వెనుక దీపం పెట్టి రాత్రంతా రామాయణ, భారత కథలు ఆడే సంప్రదాయం ఇది. ఆలోచిస్తే, తెర, వెలుగు, కదిలే బొమ్మ, గానం, సంభాషణ, చీకటిలో కూర్చున్న ప్రేక్షకులు అన్నీ కలిసిన వినోదం చలనచిత్రానికి ఎన్నో శతాబ్దాల ముందే మన పల్లెలలో ఉన్నది. తేడా ఒక్కటే: అక్కడ రాముని బొమ్మకు దండం పెట్టేవారు కాని, బొమ్మ ఆడించే చేతికి పెట్టేవారు కాదు. ఆ చేయి తెర వెనుకనే ఉండేది.

వానలు లేని సంవత్సరాలలో విరాటపర్వం చదివించడం, ఆడించడం మన తెలుగుసీమలో ఆచారం. ఆ పర్వంలోని ఉత్తరకుమారుని కథను కొంచెం నిలిచి చూడాలి. "ఉత్తరకుమార ప్రగల్భాలు" అన్న నానుడి అందరికీ తెలుసు. అంతఃపురంలో స్త్రీల ఎదుట గొప్పలు పలికాడు. కౌరవసేనను చూడగానే రథం దిగి పరుగెత్తాడు. ఇంతవరకే మనకు గుర్తు. తరువాతి కథ మరచిపోయాము.

బృహన్నల అతణ్ణి వెంబడించి పట్టుకున్నాడు. వదలివేయలేదు, హేళన చేయలేదు, ఊరడించాడు. "నీవు యుద్ధం చేయలేకపోతే పగ్గాలు పట్టు, నేను చేస్తాను" అన్న భావంతో సారథిని చేశాడు. జమ్మిచెట్టు మీది ఆయుధాలు దింపించాడు. యుద్ధం గెలిచిన తరువాత విజయం తనదని నగరంలో ప్రకటించుకొమ్మని ఉత్తరునికే చెప్పాడు. అర్జునుడు కీర్తిని దానం చేశాడు. ఇది కూడా దానవీరమే. ఇక ఉత్తరుడు? సభలో తండ్రి పొంగిపోతూ పొగడుతూ ఉంటే, గోవులను మరలించినది తాను కాదని, ఒక దేవపుత్రుడని స్పష్టంగా పలికాడు. ఉదయం లేని గొప్పలు చెప్పినవాడు, సాయంత్రం చేతికందిన గొప్పను కాదన్నాడు. అదే ఉత్తరుడు కురుక్షేత్రంలో మొదటి రోజున శల్యుని ఎదుర్కొని వీరస్వర్గం పొందాడు.

మానవస్వభావం గురించి ఇంతకంటె ఆశాజనకమైన కథ నాకు తెలియదు. పిరికితనం ప్రకృతిలో ఉండవచ్చు. కాని సరియైనవాని ప్రక్కన పగ్గాలు పట్టుకొని నిలిస్తే ఆ ప్రకృతి మారుతుంది. సత్సంగం అన్న మాటకు రణరంగంలో వ్యాసుడు వ్రాసిన వ్యాఖ్యానం ఇది.

ధర్మవరం ఇచ్చిన మరొక మహనీయుడు ఆంధ్రనాటకపితామహుడు ధర్మవరం రామకృష్ణమాచార్యులు (1853-1912). బళ్లారిలో న్యాయవాదిగా ఉంటూ సరసవినోదిని సభ ద్వారా తెలుగు నాటకానికి ప్రాణం పోశారు. ప్రఖ్యాతనటుడు బళ్లారి రాఘవ ఆయన మేనల్లుడు. ఆచార్యులవారి "విషాద సారంగధర" తెలుగులో తొలి విషాదాంత నాటకంగా పేరుపొందింది. సవతితల్లి చిత్రాంగి నిందకు లోనై, తండ్రి రాజనరేంద్రుడు విచారణ చేయక విధించిన శిక్షకు కాలుచేతులు కోల్పోయిన రాకుమారుని కథ ఇది. గౌరన నవనాథచరిత్రలోనూ, చేమకూర వేంకటకవి కావ్యంలోనూ సిద్ధయోగి అనుగ్రహంతో కుమారునికి అవయవాలు తిరిగి వస్తాయి. ఆచార్యులవారు కథను విషాదంలోనే ముగించారు. మంగళాంతం ఆచారంగా ఉన్న మన రంగస్థలానికి ఇది సాహసం. తప్పు చేసినవాడు పశ్చాత్తపించినంత మాత్రాన తెగిన చేయి అతకదని ప్రేక్షకునికి తెలియాలి.

ఇప్పుడు మనునీతిచోళుణ్ణి, రాజనరేంద్రుణ్ణి ప్రక్కప్రక్కన నిలపండి. ఇద్దరూ రాజులే. ఇద్దరూ కన్నకుమారుణ్ణే దండించారు. ఒకడు ధర్మవీరుడయ్యాడు, మరొకడు విషాదహేతువయ్యాడు. చేసిన పని పైకి ఒక్కటే. భేదం విచారణలో ఉన్నది, కదిలించిన భావంలో ఉన్నది. ఒకనిని ధర్మోత్సాహం నడిపింది, మరొకనిని క్రోధం నడిపింది. భరతముని గీసిన రేఖ ఇదే.

హిందూపురం: వెండితెర

ఆధునికకాలంలో హిందూపురం పేరు నందమూరి తారకరామారావుగారితో ముడిపడింది. 1985, 1989, 1994 ఎన్నికలలో ఆయన ఇక్కడినుండి శాసనసభకు ఎన్నికయ్యారు. రాజకీయచర్చ ఇక్కడ అప్రస్తుతం. మనకు కావలసినది ఆయన ధరించిన పాత్రల వరుస. 1957లో "మాయాబజార్" కృష్ణుడు, 1961లో "సీతారామకల్యాణం" రావణుడు, 1963లో "లవకుశ" రాముడు, 1966లో "శ్రీకృష్ణపాండవీయం"లో కృష్ణుడూ దుర్యోధనుడూ, 1977లో "దానవీరశూరకర్ణ"లో కర్ణుడు, కృష్ణుడు, దుర్యోధనుడు ముగ్గురూ ఆయనే.

ఒకే ముఖంలో దేవుడు, దైవద్రోహి ఇద్దరినీ చూసి తెలుగు ప్రేక్షకుడు తికమకపడలేదు. గీతాచార్యుడు పదహారవ అధ్యాయంలో దైవాసురసంపదలను వేరుచేసి చెప్పాడు. దైవసంపదలో మొట్టమొదట లెక్కించినది అభయం. ఆసురసంపదలో దంభం, దర్పం. ఈ రెండు సంపదలూ రెండు జాతులవి కావు, ఒకే మానవహృదయంలో పొంచి ఉన్నవి. ఒకే నటుడు కృష్ణదుర్యోధనులుగా కనిపించడం ఆ సత్యానికి తెలియకనే ఏర్పడిన దృష్టాంతం.

అదే నటుడు 1980లో "సూపర్‌మేన్" అనే తెలుగు చిత్రంలో నటించారని నేటి యువకులలో చాలామందికి తెలియదు. అమెరికాలో 1938లో చిత్రకథల పుస్తకంలో పుట్టి, 1978లో పెద్ద చలనచిత్రమై లోకమంతా తిరిగిన ఆ అతిమానుషవీరుడు వేరొక గ్రహం నుండి వచ్చినవాడు. అతని బలం పుట్టుకతో వచ్చినది. తెలుగు చిత్రంలోని కథానాయకునికి బలం హనుమంతుని అనుగ్రహం వలన వస్తుంది. దుస్తులు పరదేశానివి, బలం మాత్రం అంజనీసుతునిది! నవ్వుకొనదగిన విషయంగా కనిపించినా, ఇందులో ఒక సంస్కారం దాగి ఉన్నది: అసాధారణశక్తి ఎక్కడినుండో ఊడిపడదు, ఉపాసనకు ఫలంగా వస్తుంది అన్న నమ్మకం. 2024 సంక్రాంతికి విడుదలైన "హనుమాన్" చిత్రంలోనూ ఒక పల్లెటూరి యువకునికి హనుమత్సంబంధమైన మణి వలన బలం కలుగుతుంది. ఆ చిత్రం జనవరి 12న వచ్చింది. నాలుగు రోజుల తరువాత, జనవరి 16న లేపాక్షిని దర్శించిన ప్రధానమంత్రి అక్కడ రంగనాథరామాయణ పద్యాలు విని, జటాయు వృత్తాంతాన్ని తోలుబొమ్మలాటగా చూశారు. ఒకే వారంలో, ఒకే రాష్ట్రంలో, రామకథకు చెందిన ఇద్దరు వీరులు కొత్త తెరమీద ఒకరు, పాత తెరమీద ఒకరు.

బలం, స్వభావం

ఆలయానికి వచ్చే బాలురు అప్పుడప్పుడు నన్ను ఒక ప్రశ్న అడుగుతూ ఉంటారు: "స్వామీ, హనుమంతుడూ సూపర్‌మేనూ పోట్లాడితే ఎవరు గెలుస్తారు?" నేను ఎదురుప్రశ్న వేస్తాను: "వారిద్దరిలో తన బలం తనకు గుర్తులేనివాడు ఎవరు?" పిల్లలు ఆలోచనలో పడతారు. బాల్యంలో ఋషుల ఆశ్రమాలలో అల్లరి చేసినందుకు, ఎవరైనా గుర్తుచేస్తే తప్ప నీ బలం నీకు తెలియకపోవుగాక అని హనుమంతునికి శాపం. అది శాపంగా కనిపించే వరం. సముద్రతీరంలో వానరులందరూ తమతమ శక్తి ఎంతో లెక్కలు చెప్పుకుంటూ ఉంటే, అందరికంటె సమర్థుడు ఒకమూల మౌనంగా కూర్చున్నాడు. జాంబవంతుడు గుర్తుచేసిన తరువాతనే, అదీ రామకార్యం కోసమే, పెరిగాడు. లంకలో పని పూర్తి అయ్యాక తిరిగి వచ్చి అదే వినయంతో నిలిచాడు.

పాశ్చాత్య చిత్రాలలోని అతిమానుషవీరులను నేను తక్కువ చేయను. తల్లిదండ్రులను పోగొట్టుకున్న బాలుడు పగను న్యాయంగా మలచుకొనడానికి పడే పాట్లు, ముసుగు వెనుక రహస్యంగా సేవ చేసి పగటివేళ సామాన్యునివలె అవమానాలు సహించడం, ఇవి మంచి కథలే. అజ్ఞాతవాసంలోని బృహన్నలకు, ముసుగు ధరించిన వీరునికి ఉన్న పోలికను పిల్లలకు చెబితే రెండూ బాగా అర్థమవుతాయి. లోకంలో ఎక్కడ మంచి కథ పుట్టినా దాని లోపల మనిషి తన ప్రకృతితో చేసే పోరాటమే ఉంటుంది. రజోగుణం నుండి పుట్టిన కామక్రోధాలే శత్రువులని భగవానుడు మూడవ అధ్యాయంలో చెప్పిన మాట ఏ దేశానికైనా వర్తిస్తుంది.

నా వ్యథ వేరు. మన కథలలోని వీరుడు ఓడిపోయేవాడు. అర్జునుడు కిరాతుని చేతిలో ఓడాడు, యుద్ధరంగంలో విషాదంతో విల్లు విడిచాడు. జటాయువు ఓడాడు. రాముడు సీత కోసం చెట్టుచేమలను అడుగుతూ విలపించాడు. ఈ ఓటములలో, ఈ కన్నీళ్లలో సామాన్యుడు తనను తాను చూసుకున్నాడు. నేటి మన తెరమీద కథానాయకుడు ఓడడం, ఏడవడం, సందేహించడం, క్షమాపణ కోరడం అరుదైపోయింది. వందమందిని ఒక్కడే నేలకూల్చడం, నెత్తురు చిందించడం, తనను తాను పొగడుకొనడం వీరలక్షణాలుగా చలామణి అవుతున్నాయి. ఇది ఉత్తరకుమారుని కథలో మొదటిసగం మాత్రమే చూపి, అదే వీరమని చెప్పినట్లున్నది.

తెలుగులో "హీరో" అనే మాటకు వచ్చిన అర్థాన్ని గమనించండి. అది కథలోని నాయకుణ్ణి కాక, నటుణ్ణి సూచించే మాటగా స్థిరపడింది. పాత్ర చచ్చిపోయింది, పాత్రధారి మిగిలాడు. దేవతామూర్తికి జరగవలసిన క్షీరాభిషేకం నిలువెత్తు బొమ్మలకు జరుగుతున్నది. 2024 డిసెంబరు 4 రాత్రి హైదరాబాదులో ఒక చిత్రం తొలి ప్రదర్శన వద్ద జరిగిన తొక్కిసలాటలో ఒక తల్లి ప్రాణం కోల్పోయింది. ఈ విషయంలో భక్తులమైన మనం ఇతరులకు నీతి చెప్పి తప్పుకొనే వీలు లేదు. 2025 జనవరి 8న తిరుపతిలో వైకుంఠద్వార దర్శన టోకెన్ల కోసం చేరిన జనసమ్మర్దంలో ఆరుగురు మరణించారు. తెరముందైనా, దేవళం ముందైనా, ప్రక్కవాని ఊపిరి మరచిన ఆరాధన ఆరాధన కాదు. మూర్తి ఎదుట నిలిచినవానికి ప్రక్కన నిలిచినవానిలోని మూర్తి కనపడకపోతే, గర్భగుడిలో కనిపించినది ఏమిటని ప్రశ్నించుకోవాలి.

వివేకం

కాబట్టి చిత్రాలు చూడవద్దని నేను చెప్పను. చూడకుండా ఉంచగలిగిన కాలం కూడా కాదు. బిడ్డలతో కలిసి చూడండి, చూసి వచ్చాక మూడు ప్రశ్నలు అడగండి. ఈ వీరుడు తన బలాన్ని ఎవరి కోసం వాడాడు? దండించే ముందు విచారించాడా? గెలుపు తనది కానప్పుడు కాదని చెప్పగలిగాడా? మొదటి ప్రశ్న హనుమంతునిది, రెండవది మనునీతిచోళునిది, మూడవది ఉత్తరునిది. ఈ మూడింటికీ నిలిచిన కథ ఏ దేశానిదైనా, ఏ భాషలోదైనా, మన ఇంటికి తెచ్చుకోదగినదే. నిలవని కథ పురాణపాత్రల పేర్లు పెట్టుకున్నా మనది కాదు.

వీలైతే వారిని ఒకసారి లేపాక్షికి తీసుకువెళ్లండి. వేలాడే స్తంభం క్రింద గుడ్డ దూర్చి చూడడం, ఏకశిలానందితో చిత్రం తీయించుకొనడం ఎలాగూ చేస్తారు. ఆ తరువాత మండపంలో నిలబడి తల ఎత్తి చూడమనండి. రంగులు వెలిసిపోతున్నాయి, కొన్నిచోట్ల పెచ్చులూడాయి. అయినా అర్జునుడు ఇంకా కిరాతునితో పోరాడుతూనే ఉన్నాడు. అతడు ఓడిపోబోతున్నాడని, ఓటమి చివరనే పరమేశ్వరుడు ప్రత్యక్షమవుతాడని వారికి చెప్పండి. పరీక్షలో తప్పినప్పుడో, ఉద్యోగం రానప్పుడో, నమ్మినవారు విడిచినప్పుడో ఆ చిత్రం వారికి గుర్తుకు వస్తే, దానిని వ్రాసిన అజ్ఞాతచిత్రకారుని తపస్సు ఫలించినట్లే.

స్వస్తి.